మంచు హోటల్లో మూడు నాడెల మగ్గం

గుల్‌మార్గ్,
12 జనవరి 2025, ఆదివారం.

ఎమ్మిగనూరులో తువ్వాళ్ళు నేసుకుంటున్న దేవేంద్రప్పకు, కాశ్మీరు కొండ మీద నుంచి ఉమామహేశ్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, ముక్కు ఆగకుండా కారడం తప్పిస్తే క్షేమమే. నువ్వూ మల్లక్కా, ఆలుమగలిద్దరూ క్షేమమని మాత్రం ఊహించుకుని ఊరుకోలేను. నువ్వే రాయాలి. ఆ ఒక్క ముక్క కోసమే ఇంత కాగితం ఖర్చు పెడుతున్నాను.

నా చేతిరాత చూడగానే చించెయ్యకప్పా. రెండేళ్ళుగా నా నంబరు నీ ఫోన్లో బ్లాకులో ఉంది. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతావు. మల్లక్కకు ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేసింది. ఇంక నాకు మిగిలింది పోస్టే. కాగితానికి కొదవ లేదులే. గదుల్లో బల్లల మీద హోటల్ పేరు అచ్చేసిన కాగితాలు పెడతారు, అతిథులెవరూ ముట్టుకోరు. ఈ హోటల్లో దుడ్లు అడగకుండా ఇచ్చేది ఇదొక్కటే.

నేను కాశ్మీరులో ఉన్నట్టు నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మా ఇంటావిడ శివలీల వీధి వీధంతా చెప్పి ఉంటుంది. డిసెంబరులో ఫోన్ వచ్చింది. ఈ హోటల్లో దిగిన ఒకావిడ మన మూడు నాడెల చీర కట్టుకుందట, అది వీళ్ళ కంట్లో పడింది. చీర మడతలో మనం కుట్టే గుడ్డముక్క మీద ఇద్దరి పేర్లూ, నా నంబరూ ఉంటాయి కదా, అది పట్టుకుని చేశారు. మంచు సీజనంతా హోటల్ ముందుహాల్లో మగ్గం వేసుకుని అతిథుల ఎదురుగా నేయాలట. రానూపోనూ విమానం, తిండి, గది వాళ్ళదే. ఒప్పుకున్నాను. విమానంలో కిటికీ పక్కన కూర్చున్నాను, మేఘాలు తప్ప ఏమీ కనబడలేదు.

ఇక్కడ ప్రతిదాన్నీ ఎక్స్‌పీరియన్స్ అంటారు. కాళ్ళకు చెక్కలు కట్టుకుని మంచులో జారితే ఒక ఎక్స్‌పీరియన్స్. వేడినీళ్ళ తొట్లో కూర్చుని మంచును చూస్తే ఇంకొకటి. ఒట్టినే మంట దగ్గర కూర్చుని టీ తాగినా దానికో పేరుంది, ఏడు వందల యాభై రూపాయల బిల్లుంది. గది ఒక్క రోజుకు డెబ్బై రెండు వేలు. ఆ దుడ్లతో మన వీధిలో ఒక మగ్గం దిగుతుంది, పడుగుతో సహా. ఇడ్లీ ప్లేటు తొమ్మిది వందల యాభై, అందులో ఉండేవి రెండే ఇడ్లీలు, చట్నీలో పోపు కూడా లేదు. సాక్సుల జత ఉతికితే మూడు వందలు. కొత్త సాక్సులు మన బజార్లో ఎంతో నీకు తెలుసు.

మొన్న హైదరాబాదు నుంచి ఒక బిల్డరు వచ్చాడు. జారడం నేర్పే మాస్టరుకు, బూట్లకు, చెక్కలకు కలిపి పద్దెనిమిది వేలు కట్టి బయటికి పోయాడు. మొదటి నిమిషంలోనే పడ్డాడు, మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకుని వచ్చి, నేను జారలేదు, పడినాను, సగం దుడ్లు వెనక్కి ఇస్తారా అని కౌంటర్లో అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఇంకొకావిడ తన కిటికీ కింద మంచు తక్కువగా ఉందని ఫిర్యాదు చేసింది. అబద్ధం కాదు, నలుగురు మనుషులు పారలు తీసుకుని పక్కనున్న మంచునంతా తవ్వి ఆ కిటికీ కింద పోశారు. మన వైపు పొలాల్లో వాన కోసం చూసే మొహాలు గుర్తొచ్చాయి. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

నా ఎక్స్‌పీరియన్స్ కూడా ఒకటుంది, రేటు కార్డులో. అడ్డదారం మోసే నాడెలు మూడని, చీర ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు అని, ఎడమపక్క అంచు నాడె అందుకుని తిరిగి ఇచ్చే రెండో మనిషి లేకపోతే ఈ చీర నడవదని రోజుకు పదిసార్లు వీళ్ళకు చెప్పి చెప్పి, నీకూ చెబుతున్నాను చూడు. పదిహేడేళ్ళు ఆ ఎడమపక్క కూర్చున్నవాడికి! ఇప్పుడు ఆ చోటులో అతిథులను కూర్చోబెడతారు. గంటకు ఆరు వేలు. వాళ్ళు నాడె వేస్తే అంచు దారం చీర ఒంట్లోకి పోతుంది, వాళ్ళు లేచిపోయాక నేను విప్పి సరిచేసుకుంటాను. అలా విప్పడమే నా సగం పని.

మగ్గం ఇక్కడి వడ్రంగి చేత చేయించారు. మన మగ్గాలకున్నట్టు కాళ్ళు దించుకునే గుంట లేదు, నేల మీద పెట్టారు. హీటర్ల గాలికి దారం ఎండిపోయి పుటుక్కు పుటుక్కున తెగుతోంది. ఎండాకాలం మనం గుంటలో నీళ్ళు చల్లుకుంటాం కదా, అదే గుర్తొచ్చి మగ్గం కింద నీళ్ళు చల్లాను. కింద ఉన్నది కార్పెట్టు అన్న సంగతి మరిచిపోయాను. అది నాలుగు లక్షల కార్పెట్టట. హౌస్‌కీపింగ్ ఆయన అరిచిన అరుపులు కాశ్మీరీలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు అతిథుల మొహాలకు ఆవిరి పట్టే మిషనొకటి తెచ్చి మగ్గం కింద పెట్టారు. దారానికి బ్యూటీ పార్లర్ అన్నమాట.

మగ్గం పక్కన నిలువెత్తు బోర్డు ఉంది, ఇంగ్లీషులో. నీ పేరు ముందు, నా పేరు తర్వాత. ఒట్టు. అది చదివి అతిథులు నా దగ్గరికి వస్తారు, చెయ్యి పట్టుకుంటారు, మెల్లగా మాట్లాడతారు. నేతగాడికి ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు. అది అనుభవించాలంటే మాత్రం నా వల్ల కావడం లేదు. మగ్గం మీద కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. బయటికి పోతే మంచు, లోపలికి వస్తే వేడి, రోజంతా ఆ అద్దాల తలుపు దగ్గరే తచ్చాడుతుంటాను. కాపలా ఆయన నన్ను చూసి, మన బజారు ఉర్దూ లాంటి మాటల్లో, ఎవరి కోసం చూస్తున్నావు అన్నాడు. ఎవరి కోసమూ కాదన్నాను.

దేవేంద్రా, నీ దగ్గు తగ్గిందా? తగ్గకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి పోయి ఛాతీ చూపించుకో. ఆలస్యం చెయ్యకు. బండి మీద ఆదోని పోయేటప్పుడు లారీల వెనక పోవద్దు. నీతో స్నేహం చెయ్యమని అడగడం లేదు. బాగున్నాను అని రెండు మాటలు కార్డు ముక్క మీద రాసి పడెయ్యి.

ఇట్లు,
ఆ రెండు మాటల కోసం తలుపు దగ్గర తిరుగుతున్న
ఉమామహేశ్.


గుల్‌మార్గ్,
23 జనవరి 2025, గురువారం.

దేవేంద్రప్పకు మళ్ళీ ఉమామహేశ్ నమస్కారం.

నా ఉత్తరం నీ ఇంటికి చేరింది. స్పీడ్ పోస్టు నంబరు కొడితే ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం ఇచ్చేశామని చూపించింది. సంతకం నువ్వు చేశావా, మల్లక్క చేసిందా అన్నది మాత్రం ఆ ఫోన్లో కనబడదు. నువ్వే చేసి ఉంటే, లేచి వాకిలి దాకా నడిచి, పెన్ను పట్టుకుని సంతకం చేసేంత బాగున్నావన్నమాట. పొద్దుటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

శివలీలను అడిగాను, దేవేంద్ర ఎట్లున్నాడు అని. నాకేమి తెల్సు, నీ స్నేహితుడు, నువ్వే అడుక్కోపో అంది. గట్టిగా అడిగితే, సంతలో కనపడినాడు, చిక్కుడుకాయలు కొంటాండె, బాగానే ఉండాడు అంది. ఏ సంత, ఏ రోజు అన్నాను. శుక్రవారం అంది. అప్పటికి మంగళవారం. నాలుగు రోజుల కిందటి మాట పట్టుకుని నేనెట్లా కుదురుగా కూర్చునేది? నీకు ఈ చలికి మెదడు గడ్డకట్టినట్టుండాది అని ఫోన్ పెట్టేసింది. నిజమే కావచ్చు.

నిన్న జరిగింది విను. పదకొండు గంటలకు ఢిల్లీ నుంచి వచ్చిన ముసలాయనొకరు ఎడమపక్క కూర్చున్నాడు. నీటుగా నాడె అందుకుంటున్నాడు, ఇక్కడికి వచ్చాక ఇంత ఒద్దికగా నేసినవాడు లేడు. నా జేబులో ఫోన్ అదిరింది. అతిథి ఉన్నప్పుడు తీయకూడదు. ఆగి మళ్ళీ అదిరింది. మళ్ళీ. మూడుసార్లు చేస్తుందా శివలీల, ఊరికే? నాడె అక్కడే వదిలేసి లేచాను. హాల్లో సిగ్నలు సరిగా ఉండదు, అద్దాల తలుపు తోసుకుని, చెప్పులతోనే మోకాలి లోతు మంచులో పైకెక్కాను. రెండు గీతలు సిగ్నలు వచ్చాక చేశాను. దేవేంద్రకు ఏమైంది అని అరిచాను. అవతల శివలీల, దేవేంద్రకేమైతాది, గ్యాసు బుక్కు యాడ పెట్టినావు, బండి వచ్చి నిలబడుండాది అంది.

మంచులో కూర్చుండిపోయాను. కాళ్ళు మొద్దుబారేదాకా కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. లోపలికి వచ్చేసరికి ఆ ముసలాయన ఒక్కడే నాడె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గంట దుడ్లు వెనక్కి ఇస్తామని మేనేజరు అంటే, ఇవ్వొద్దు, ఈయనకు ఏదో కష్టం వచ్చినట్టుంది అన్నాడట. మేనేజరు నన్ను లోపలికి పిలిచి చెడామడా తిట్టాడు. ఇప్పుడు ఆ గంట రేటు ఆరు వేలు కాదు, పన్నెండు వేలు. మార్చి ఆఖరు వరకు ఒక్క గంట కూడా ఖాళీ లేదు. మంచులో జారడానికి వచ్చినవాళ్ళు చెక్కలు పక్కన పెట్టి నా మగ్గం దగ్గర వరసలో కూర్చుంటున్నారు. బొంబాయి ఆవిడొకరు నిన్న సాయంత్రం ఎడమపక్క పీట మీద గులాబీ పువ్వు పెట్టి పోయింది. ఎందుకమ్మా అని అడగలేదు. తీసి అవతల పడేశాను.

దేవేంద్రా, రెండేళ్ళ కిందటి కర్నూలు చేనేత ప్రదర్శన సంగతి రాయకుండా ఉండలేను. నువ్వు భోజనానికి పోయిన ఆ అరగంటలో పేపరాయన వచ్చాడు. మగ్గం ఎవరిది అన్నాడు. మగ్గం నీ ఇంట్లోది, అంచు ఆలోచన నీది, రంగులు నువ్వు కలిపావు. నాదే సార్ అన్నాను. ఫొటోలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. మరునాడు పేపర్లో నీ పేరు లేదు. నువ్వు అడిగితే, వాళ్ళే మరిచిపోయినారు అన్నాను. చేతిలో ఉన్న చీర పూర్తిచేసి, నాడెలు కడిగి, మూట కట్టి నాకిచ్చావు. ఆ తర్వాత ఒక్కడివే తువ్వాళ్ళు నేస్తున్నావు. ఇంత చెయ్యి తెలిసినవాడు తువ్వాళ్ళు నేయడమేమిటని ఊళ్ళో అందరూ నన్నే అడిగారు, నేను నీ మీదే కోప్పడ్డాను. తప్పు నాదప్పా. రెండేళ్ళు నీకు అహంకారమని చెప్పుకుని తిరిగాను. నాది.

ఇది రాశాక మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. ఎందుకంటే ఇదొక్కటే కాదు. ఇంకొకటి ఉంది. అది రాయడానికి మూడు కాగితాలు తీసుకున్నాను, మూడూ చించాను. నువ్వు బాగున్నానని రాస్తే ధైర్యం వస్తుంది, అప్పుడు రాస్తాను.

బీపీ మాత్ర వేసుకుంటున్నావా? మరిచిపోతావు నువ్వు. మల్లక్కను గుర్తు చెయ్యమను.

ఇట్లు,
నీ సంతకం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటున్న
ఉమామహేశ్.


గుల్‌మార్గ్,
4 ఫిబ్రవరి 2025, మంగళవారం.

దేవేంద్రప్పకు ఉమామహేశ్ నమస్కారం. ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు, చేతికే వస్తుంది. కవరు మీద పేరు వేరేగా ఉంటుంది. ఎందుకో చివర రాస్తాను. దయచేసి చివరిదాకా చదువప్పా.

తెచ్చినావిడ పేరు శివకుమారి. పుట్టిల్లు కమలాపురం, మెట్టినిల్లు ఆదోని, వాళ్ళకు పత్తి మిల్లు ఉంది. భర్తతో, అత్త రామలక్ష్మమ్మతో మొన్న శనివారం ఇక్కడ దిగారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన సందర్భమట. రెండు గదులు, నాలుగు రోజులు. లెక్క నువ్వే వేసుకో, నాకు కళ్ళు తిరుగుతాయి.

మొదటి రోజు రామలక్ష్మమ్మ హాల్లో మంట పక్కన మూడు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఆవిడను మంచులో జారే బండి ఎక్కించబోయారట, నా కాళ్ళు బాగుండేది మీకు ఇష్టం లేదా అని తిట్టి పంపింది. నేను మగ్గం మీద ఏదో గొణుక్కుంటుంటే వింది. ఏమప్పా, నీది యా ఊరు, మన మాట మాట్లాడ్తాండావే అంది. ఎమ్మిగనూరు అన్నాను. ఆవిడ మొహం చూడాలి నువ్వు. నెల రోజులుగా నేను మన మాట నోటితో మాట్లాడింది ఫోన్లోనే. లేచిపోయి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

ఆవిడకు మన బొరుగుల ఉగ్గాని తినాలని ఉందట. ఎట్లాగో వంటాయనకు చెప్పించాం. గంట తర్వాత వెండి గిన్నెలో వచ్చింది. బొరుగుల్లో వెన్న, జీడిపప్పు, దానిమ్మ గింజలు. పద్నాలుగు వందలు. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది ఉగ్గాని కాదు, సంతర్పణ అంది. ఇక్కడికి వచ్చాక నేను మనస్ఫూర్తిగా నవ్వింది ఆ ఒక్కసారే.

అంతలో శివకుమారి వచ్చింది. మంచిది ఆ మనిషి. ఎమ్మిగనూరు అనగానే, ఆ ఊరికి చీరలకు ఎన్నిసార్లో వచ్చినామన్నా అంది. నడుచుకుంటూ పోయి బోర్డు దగ్గర నిలబడింది. మొత్తం చదివింది, పైనుంచి కింది దాకా. చదివి నా దగ్గరికి వచ్చింది. నిన్ను ఆవిడ చూసిందట దేవేంద్రా! నాలుగేళ్ళ కిందట మీ ఇంటికి వస్తే, ఎండన పడి వచ్చినారని చీర సంగతి పక్కన పెట్టి ముందు మజ్జిగ ఇప్పించావట. ఆ మజ్జిగ ఇప్పటికీ గుర్తుండాది అంది. ఇంకా ఏవో అంది. ఆ మాటలు విన్నాక అక్కడ కూర్చోలేకపోయాను. తలనొప్పి అని చెప్పి గదికి పోయాను.

మరునాడు ఆవిడే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎమ్మిగనూరు మాకు దగ్గరే కదా, ఊరికి పోతానే మల్లక్కను చూసి వస్తా, ఇల్లు యాడ చెప్పన్నా అంది. చెప్పక తప్పలేదు. చెప్పాక ఇంక నిలవలేకపోయాను. కారిడార్లన్నీ తిరిగాను. పారలతో మంచు తవ్వేవాళ్ళ దగ్గరికి పోయి, ఒక పార అడుక్కుని, మధ్యాహ్నం దాకా తవ్వాను. వాళ్ళు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు.

ఈరోజు పొద్దున మేనేజరు దగ్గరికి పోయి చెప్పాల్సింది చెప్పాను. బోర్డు తీసెయ్యమన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మార్చి ఆఖరు వరకు గంటలన్నీ అమ్ముడుపోయాయి, అప్పటిదాకా బోర్డు కదలదు, నువ్వు కూడా నోరు కదపొద్దు అన్నాడు. అయితే మగ్గం మీద ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోండి అన్నాను. మగ్గం మీద సగం చీర ఉంది. జీవితంలో మొదటిసారి చీర సగంలో వదిలి దిగాను. ఇచ్చిన టికెట్టు మార్చి ఆఖరుది, అది చెల్లదట. గురువారం బస్సులో జమ్మూకు పోయి రైలెక్కుతాను. ఆదివారం సాయంత్రానికి ఊళ్ళో ఉంటాను. ఇంటికి పోను, నేరుగా మీ వాకిట్లోకే వస్తాను. తలుపు వేస్తే వాకిట్లో కూర్చుంటాను. కొడితే కొట్టించుకుంటాను.

నువ్వు లేక నాకు తోచలేదప్పా. మగ్గం మీదా తోచలేదు, ఇక్కడా తోచలేదు. ఇది చెప్పడానికి ఇంత దూరం రావలసి వచ్చింది.

ఇట్లు,
నీ స్నేహితుడు, నువ్వు ఔనన్నా కాదన్నా,
ఉమామహేశ్.

తా.క. ఇంత రాసి సంతకం పెట్టేశాను, అసలు సంగతి రాయకుండానే. మేనేజరుకు ఇంగ్లీషూ హిందీ కాని భాషలో చెప్పగలిగినవాణ్ణి, నీకు తెలుగులో చెప్పలేకపోతున్నాను.

డిసెంబరులో వాళ్ళు ఫోన్ చేసింది ఇద్దరి కోసం. రెండు టికెట్లు పంపుతాం, ఇద్దరూ కలిసి నేయాలి అన్నారు. రెండో ఆయన ఎక్కడ అని అడిగారు. నిన్ను అడిగితే రావని తెలుసు. రాడు అని చెబితే ఇద్దరూ లేకుంటే వద్దులే అంటారని భయం. పోయాడంటే జాలిపడి నన్నొక్కణ్ణయినా పిలుస్తారని, దేవేంద్రప్ప కిందటేడు చనిపోయాడని చెప్పాను. ఎట్లా అని అడిగారు. ఛాతీనొప్పి అన్నాను. ఒక్క క్షణం తడుముకోలేదు, అంత సులువుగా వచ్చింది నోట్లోంచి.

ఇక్కడికి వచ్చి చూస్తే అదే బోర్డెక్కింది. పదిహేడేళ్ళ స్నేహితుడు పోయాడు, ఆయన చోటు ఖాళీగా ఉంది, రండి, ఆయన అందుకున్న నాడె మీరు అందుకోండి అని. కింద నీ ఫొటో. అడిగితే నేనే ఇచ్చాను, మనిద్దరి ఫొటోలో నా ముక్క కత్తిరించి. పన్నెండు వేలు కట్టి జనం కూర్చునేది నీ చోటులో. ఆ పువ్వు నీకు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడేవన్నీ ఓదార్పులు. మొదటి రోజు నవ్వుకున్నాను. రెండో రోజు భయం పట్టుకుంది. రోజుకు పదిమంది నువ్వు పోయావని బాధపడుతుంటే నీకేమన్నా అవుతుందేమోనని, ఆ పాపం నాదేనని. దగ్గు సంగతి, మాత్రల సంగతి ఎందుకడిగానో ఇప్పుడు తెలిసిందా? బతికున్నవాణ్ణి చంపి, బతికే ఉన్నాడా అని ఊళ్ళో వాకబు చేయించాను. ఫొటో ఈరోజు పీకేశాను. నా సంచిలో ఉంది.

శివకుమారికి నిజం చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. నీ కోసం ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెరిచిన నోరు మూసుకుని ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఆవిడ వస్తున్నది చావు పలకరింపుకు. ఇంకెవరి చేతా ముందుగా మీకు చెప్పించలేను, నా నోటి నుంచి వచ్చినదాన్ని నేనే తుడవాలి. కవరు మీద మల్లక్క పేరు రాసింది అందుకే. చనిపోయినవాడి పేరుతో ఉత్తరం ఇస్తే ఎవరు మోసుకొస్తారు?

మల్లక్కా, అంటే ఇది ముందుగా చదువుతున్నది నువ్వు. ఆవిడ ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని, నీ నుదుటి బొట్టు చూసి ఏం మాట్లాడాలో తెలియక తల వంచుకుని ఉంటుంది. నువ్వు ఏమీ చెప్పొద్దు. లోపల మగ్గం మీద ఉన్న ఆయనను పేరు పెట్టి గట్టిగా పిలువు. ఆయన బయటికి వచ్చి వాకిట్లో నిలబడగానే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాట్లాడొద్దు. ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టు, ఎన్ని తిట్లు తిడితే అన్నీ తిట్టనీ.